నెమలి పింఛం పెట్టిన పసులప్ప

తిరుపతిలో మాకు పటాలు కట్టే అంగడి ఉంది. బస్టాండు వైపు పోయే వీధిలో, రెండు లాడ్జీల మధ్య ఇరుక్కుని ఉంటుంది. మా ఆయన అద్దాలు కోసి ఫ్రేములు బిగిస్తారు. వచ్చినవాళ్లతో మాట్లాడి ఆర్డర్లు తీసుకోవడం నా పని. పెళ్లి ఫోటోలూ, పోయినవాళ్ల ఫోటోలూ వస్తాయిగానీ ఎక్కువ దేవుళ్లవే. రోజూ ఇంతమంది దేవుళ్ల ముఖాలు తుడిచి, కాగితంలో చుట్టి ఇచ్చేదాన్ని గనక కొత్త బొమ్మ వచ్చిందంటే సైజు ఎంత, గంధపురంగు ఫ్రేమా నల్లదా అని తప్ప ఇంకేమీ ఆలోచించేదాన్ని కాదు.

ఆ బొమ్మ ఫోనులో వచ్చింది. పంపినవాడు మా చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడు. పలమనేరుకు దగ్గర్లో మా ఊళ్లోనే ఉండి పాలకేంద్రం నడుపుతున్నాడు. "అక్కా, దీన్ని పెద్దగా ప్రింటు ఏయించి పటాలు కట్టాల. ప్రతిష్ఠ నాటికి ఇంటింటికీ ఒకటి ఇయ్యాల అంటా ఉండాడు నాయన" అని గొంతు రికార్డు చేసి పెట్టాడు.

వేణుగోపాలుడి బొమ్మ. నీలం ఒళ్లు, పసుపు పట్టుబట్ట, తలమీద నెమలి పింఛం, చేతిలో పిల్లనగ్రోవి, వెనక తెల్లటి ఆవులు. ఇట్లాంటివి మా గోడకు ఎప్పుడూ నాలుగు వేలాడుతుంటాయి. బొమ్మ కింద 'శ్రీ గోరక్షక వేణుగోపాలస్వామి, స్వయంభూ క్షేత్రం' అని రాసి, ఆ కింద మా ఊరి పేరు వేశారు. నాకు అర్థం కాలేదు. మా ఊళ్లో రాముడి గుడి ఉంది, ఊరి బయట గంగమ్మ ఉంది. వేణుగోపాలుడు ఎప్పుడూ లేడు. ఫోను చేశాను.

"మన ఊళ్లో వేణుగోపాలస్వామి యాడుండాడురా?"

"మన పసులప్పే అక్కా" అన్నాడు వాడు. "ఇప్పుడు అట్ల పిలస్తా ఉండారు. గుడి కట్టినాం కద."

"పసులప్ప మనిషి కదరా."

వెనక పాలక్యాన్ల చప్పుడు వినిపించింది. "అది పాత కత అక్కా. నాయన్నే అడుగు" అని పెట్టేశాడు.

నాయన్ను అడుగు అనడంలోనే ఉంది నాకు తగిలిన దెబ్బ. ఎందుకంటే, పసులప్ప మనిషి అని నాకు చెప్పిందే ఆ చిన్నాయన.

నాకు ఊహ తెలిసేనాటికే మా నాయన లేడు. నన్ను పెంచింది చిన్నాయనే. పలమనేరు బడికి సైకిలు మీద దింపి వచ్చేవాడు. జ్వరమొస్తే వీపున వేసుకుని తిప్పేవాడు. పొలం పోయేటప్పుడు వెంట తీసుకుపోయేవాడు. మా పొలం గట్టు చివర, రోడ్డుకు దగ్గర్లో, గానుగ చెట్ల పక్కన ఒక రాయి నిలబడి ఉండేది. నా ఎత్తు కంటే కొంచెం ఎక్కువ. దాని మీద ఒక మనిషిని చెక్కి ఉంటారు. జుట్టు ముడి పక్కకు కట్టి, చేతిలో విల్లు ఎత్తి నిలబడి ఉంటాడు. రొమ్ములోనూ తొడలోనూ బాణాలు దిగి ఉంటాయి. కాళ్ల పక్కన ఆవులు, చిన్న చిన్నవి, మేకపిల్లలంత. ఇంకా పైన ఇద్దరు ఆడవాళ్లు ఆయన్ను చేతులు పట్టుకుని పైకి, స్వర్గానికి తీసుకుపోతుంటారు. అదే పసులప్ప. పసులను కాపాడినవాడు గనక పసులప్ప. అసలు పేరు ఏదో ఎవరికీ తెలియదు.

చిన్నాయన నా వేలు పట్టుకుని ఆ బాణాల మీద పెట్టించేవాడు. "సూడు, ఇన్ని బాణాలు తగిలినా ఈయన ఎనక్కి తిరగలేదు. ఎనక ఆవులుండాయి కద" అనేవాడు. 'కద' అన్నాక కొంచెంసేపు ఆగేవాడు. ఆ ఆగడంలో నాకు ఒళ్లు జలదరించేది.

"ఈయన దేవుడా చిన్నాయనా?" అని ఒకసారి అడిగాను.

"కాదు. మన మాదిరే సంగటి తినే మనిషి. వాడలో మనిషి. అందుకే మొక్కాల. దేవుడికేమి, ఆయనకు సావు లేదు. సస్తామని తెలిసి నిలబడినోడు గొప్పోడు."

వాడ అంటే ఊరికి తూర్పున ఉన్న దళితవాడ. చిన్నాయన చెప్పిన కథ ఇది. ఏ కాలంలోనో దొంగలు మొగిలి ఘాటు కింది నుంచి వచ్చి మా పూర్వీకుల ఆవులమందను తోలుకుపోయారు. ఇంట్లో మగవాళ్లు బయటికి రావడానికి భయపడ్డారు. మా పశువులు కాసే వాడ మనిషి ఒక్కడే విల్లు తీసుకుని వెంటబడ్డాడు. ఆవుల్ని ఊరివైపు మళ్లించి, దొంగలకు అడ్డంగా నిలబడి, అక్కడే పడిపోయాడు. యజమాని మీద భక్తితో చనిపోయాడు గనక మా పూర్వీకుడు రాయి నిలబెట్టి మాట ఇచ్చాడు: మా ఇంట్లో ఆవు ఈనినప్పుడల్లా ముర్రుపాలు ముందు ఆయనకు, పోయవలసిన చెయ్యి ఆయన వంశంవాళ్లది.

ఆ మాట నేను చూస్తుండగా నడిచింది. ఆవు ఈనిందని కబురు పెడితే వాడ నుంచి అవ్వ వచ్చేది. పసులప్ప వంశంలోకి కోడలిగా వచ్చిన మనిషి. ఇత్తడి చెంబు ఒకటి ఆమె ఇంట్లో ఉండేది. వేరే దేనికీ వాడేది కాదు. మా నాయనమ్మ వాకిట్లోనే నిలబెట్టి, పైనుంచి, తగలకుండా ఆ చెంబులోకి పాలు వంచేది. అంతవరకు అంతే. కానీ రాయి దగ్గరికి వచ్చాక అవ్వే ముందు. మా ఇంటివాళ్లందరం ఆమె వెనక నిలబడేవాళ్లం. ఆమె రాయి తలమీద పాలు పోసి, చేత్తో రొమ్ములోని బాణాలు తుడిచి, "తాగప్పా" అనేది. పెద్ద మంత్రమేమీ కాదు. ఇంట్లో మగమనిషికి నీళ్లిచ్చినట్టు అనేది. ఆ తర్వాత వాళ్లు ఒక కోడిని కోసేవాళ్లు. మేము ఇంటికి వచ్చి జున్ను వండుకునేవాళ్లం.

తమ్ముడితో మాట్లాడిన మర్నాడు అంగడి మా ఆయనకు వదిలి బస్సెక్కాను. చిత్తూరు దాటి మొగిలి ఘాటు ఎక్కాక గాలి చల్లబడింది. ఇంటికి పోకుండా నేరుగా పొలం గట్టుకే పోయాను. గానుగ చెట్లు కొట్టేశారు. రాయి చుట్టూ సిమెంటు గోడలు లేచాయి, పైన చిన్న గోపురం, దానికి ఇంకా రంగులు వేస్తున్నారు. కమ్మీల తలుపు లోపల రాయి కనిపించింది. కనిపించిందనడం తప్పు. దాని మీది మనిషిని మోకాళ్ల నుంచి రొమ్ము దాకా సిమెంటుతో పూసి, పైన ఇత్తడి కవచం తొడిగారు. విల్లు పట్టిన చెయ్యి ఉన్నచోట పిల్లనగ్రోవి. జుట్టుముడి మీద రేకుతో చేసిన నెమలి పింఛం. రొమ్ములో ఒక్క బాణం లేదు. ఆవులు మాత్రం మిగిలాయి, వాటికి తెల్లరంగు వేశారు.

చిన్నాయన ఇంట్లో ఉన్నాడు. నన్ను చూసి ముఖం వెలిగింది. చిన్నమ్మ కాఫీ తెచ్చింది. నేను గ్లాసు ముట్టుకోలేదు.

"ఎవురు చెప్పినారు ఆయన వేణుగోపాలస్వామి అని?"

"బెంగళూరు నుంచి ఒక గురువుగారు వచ్చినారమ్మా. రోడ్డు మీద పోతా కారాపి రాయిని సూసినారు. సూస్తానే చేతులు ఎత్తి దండం పెట్టినారు. ఈయన గోవుల్ని కాచే సామి, ఇన్నాళ్లు గుర్తుపట్టలేదు మీరు అన్నారు."

"మరి బాణాలు?"

"శిల్పి ఏదో తెలియక చెక్కినాడంట."

నేను ఆయన ముఖంలోకే చూశాను. "నువ్వే కద చెప్పినావు, సస్తామని తెలిసి నిలబడినోడు గొప్పోడని."

చిన్నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కోపం రాలేదు ఆయనకు. చంటిపిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పాడు. "సచ్చిపోయినోడికి ఈ కాలంలో ఎవురు మొక్కుతారమ్మా? మన పిల్లోళ్లే ఆ దారిన పోయేదానికి దయ్యం అని భయపడతా ఉండారు. కోడి కోసేది సూసి కార్లలో పోయేవాళ్లు మొహం తిప్పుకుంటా ఉండారు. ఇప్పుడు సూడు, బెంగళూరోళ్లు దిగి దండం పెట్టుకుని పోతా ఉండారు. నన్ను ధర్మకర్త అంటా ఉండారు. ఈ వయసులో నాకొక మర్యాద వచ్చింది. నీకు అది కూడా కంటగింపేనా?"

"అవ్వ ఏమంది?"

"ఒప్పుకునింది. ఆమె చెంబు కూడా గుడికి ఇచ్చింది" అన్నాడు. కళ్లు కిందికి దించలేదు, గొంతు తడబడలేదు.

పటాల ఆర్డరు నేను తీసుకోలేదు. తమ్ముడు చిత్తూరులో ఎక్కడో కట్టించుకున్నాడు. మా ఆయన "మనకెందుకు, బొమ్మ బొమ్మే కదా" అన్నారు మొదట. తర్వాత నా ముఖం చూసి, పోయి అద్దం కోయడం మొదలుపెట్టారు.

ప్రతిష్ఠకు మాత్రం పోయాను. పోకుండా ఉండలేకపోయాను. షామియానాలు, మేళం, పక్క ఊళ్ల జనం. వాడవాళ్లూ వచ్చారు, అందరితో పాటు వరసలో నిలబడి దర్శనం చేసుకుని ప్రసాదం తీసుకుపోతున్నారు. ఎవరూ ఎవరినీ ఆపడం లేదు. చూసేవాళ్లకు ఏ లోపమూ కనిపించదు. అవ్వ వరసలో లేదు. రోడ్డు పక్కన కల్వర్టు గోడ మీద ఒక్కతే కూర్చుని ఉంది. బాగా వంగిపోయింది. దగ్గరికి పోయి పక్కన కూర్చున్నాను.

"పాపా, నువ్వా" అని నా మోచెయ్యి పట్టుకుంది.

అప్పుడే మైకులో చిన్నాయన గొంతు వినిపించింది. పట్టుపంచె కట్టి వేదిక మీద నిలబడ్డాడు. భాష కూడా మార్చాడు. పుస్తకం చదివినట్టు మాట్లాడుతున్నాడు. మా వంశంలో ఒక మహాభక్తుడు ఉండేవాడన్నాడు. దొంగలు ఆయన గోవులను అపహరించినప్పుడు ఆయన కన్నీళ్లతో స్వామిని ప్రార్థించాడన్నాడు. అప్పుడు పశువుల కాపరి రూపంలో ఒకరు వచ్చి దొంగలను ఎదుర్కొన్నారన్నాడు.

"ఇన్ని బాణములు తగిలినా ఆయన వెనుదిరగలేదు. వెనుక గోవులు ఉన్నాయి కదా" అన్నాడు.

అని, ఆగాడు.

అదే ఆగడం. నా చిన్నప్పుడు గానుగ చెట్ల కింద నాకోసం ఆగినంతసేపే ఆగాడు. "మనిషికి ఇది సాధ్యమా? కాదు. వచ్చినవాడు మనిషి కాదు. సాక్షాత్తూ స్వామి" అన్నాడు. మేళం మోగింది. జనం గోవింద కొట్టారు.

నా ముఖం వేడెక్కింది. ఆయన అబద్ధం చెప్పినందుకు కాదు. కొత్త కథ ఏదైనా కల్పించి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదేమో. నాకు ఇచ్చినదాన్నే, మాట మాటకూ అట్లాగే ఉంచి, లోపలున్న మనిషిని మాత్రం తీసేశాడు.

అవ్వ వైపు తిరగడానికి ధైర్యం చాల్లేదు. చివరికి అడిగాను. "అవ్వా, నువ్వు ఒప్పుకున్నావంట కద. చెంబు కూడా ఇచ్చినావంట."

"ఎవురు చెప్పినారు?" అంది. "ఇచ్చింది కాదు పాపా. కళాయి పూయించుకొస్తానని మీ చిన్నాయనే వచ్చి అడిగినాడు. పచ్చబడిపోయింది, పసులప్పకు పోసే చెంబు అట్ల ఉండకూడదు, పలమనేరు పోతా ఉండా ఇయ్యి అన్నాడు. మంచిమాటే కద అని ఇచ్చినాను. మళ్లీ రాలేదు. అడిగితే రేపు మాపు అన్యాడు. ఇప్పుడు గుళ్లో ఉండాదంట. నేను పొయ్యి సూడలేదు."

అవ్వను అక్కడే ఉండమని చెప్పి గుళ్లోకి పోయాను. చిన్నాయన అన్న కూతురినని తెలిసి వరసలో ఉన్నవాళ్లు దారి ఇచ్చారు. తీర్థం ఇచ్చే పళ్లెం పక్కన చెంబు ఉంది. మెరుస్తోంది. మెడ దగ్గర ఉన్న పాత సొట్టను బట్టి గుర్తుపట్టాను. దాని కడుపు మీద కొత్తగా అక్షరాలు చెక్కించి ఉన్నాయి. 'జ్ఞాపకార్థం' అని, దాని ముందు మా నాయన పేరు.

గుడి పాత్రల మీద దాతల పేర్లు చెక్కించడం మామూలే. కానీ ఆ పేరును రెండుసార్లు చదివాను. మా నాయన పేరు నేను ఎక్కువచోట్ల చూడలేదు. రేషను కార్డు మీద, నా బడి సర్టిఫికెట్ల మీద, ఇప్పుడు ఇక్కడ.

పూజారి ఎక్కడో కింది ఊళ్ల నుంచి వచ్చిన యువకుడు, ఏ సంగతీ తెలియనివాడు. "స్వామీ, ఆ చెంబు మా నాయనది. ఒకసారి ఇవ్వండి" అన్నాను. పేరు చూసి, నా ముఖం చూసి, మర్యాదగా రెండు చేతులతో ఇచ్చాడు. కొంగులో పెట్టుకుని బయటికి వచ్చాను.

వంటల షెడ్డు వెనక చిన్నాయన ఎదురయ్యాడు. మెడలో పూలదండ ఇంకా తీయలేదు. కొంగు చూసి అర్థం చేసుకున్నాడు.

"అది గుడి సొమ్ము. లోపల పెట్టమ్మా."

"కళాయి పూయించుకొస్తానని చెప్పి తెచ్చినావంట కద."

"పూయించినాను కద" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "దాని మీద ఎవురి పేరు రాయించినానో సూసినావా? నా పేరు ఏసుకున్యానా? మా అన్న పేరు ఏయించినాను. ఆయన పేరు ఈ ఊళ్లో యాడన్నా ఉండాదా? నీకోసం చేసినానమ్మా ఆ పని."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ నీళ్లు కావు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నా మీది ప్రేమతోనే ఆ పని చేశానని ఆయన నిజంగా నమ్ముతున్నాడు.

"అవ్వ చెంబు మీద నాయన పేరు వేయడమేమి చిన్నాయనా? నాయన దొంగ అని రాసినట్టు కాదా?"

ఆయన చెయ్యి పైకి లేచింది. జీవితంలో ఒక్కసారి కూడా నన్ను కొట్టని చెయ్యి. గాలిలో ఆగింది. కిందికి దించుకుని, పక్కకు తప్పుకున్నాడు. నేను అవ్వ దగ్గరికి వచ్చేశాను.

అవ్వ చెంబును ఒడిలో పెట్టుకుని బొటనవేలితో అక్షరాలు తడిమింది. చదువు రాదు ఆమెకు. "ఏమి రాసినారు పాపా?"

చదివి చెప్పాను. ఆ అక్షరాల మీది నుంచి బొటనవేలు తీసేసింది.

"మీ నాయన మంచోడే. ఆయన మీద నాకేమీ లేదు. కానీ ఈ పేరుతో ఇది నా ఇంట్లో ఎట్ల పెట్టుకునేది? రేపు నేను పోతే మావోళ్లు ఇది మీ ఇంటోళ్లు దయదలిచి ఇచ్చిందనుకుంటారు" అని తిరిగి నా చేతిలో పెట్టింది.

"మీ మనిషి మా ఆవుల కోసం పానం పోగొట్టుకున్యాడు అవ్వా. మేము ఇంత చేసినాం" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

అవ్వ నా వైపు విచిత్రంగా చూసింది. "మీ ఆవుల కోసమని ఎవురు చెప్పినారు?"

"చిన్నాయన. చిన్నప్పుడు."

"మా అత్త చెప్పింది అట్ల కాదే. ఆ మందలో మాదీ ఒక ఆవు ఉండింది. ఒకటే. సూడిది, కడుపుతో ఉండింది. మీవోళ్లు తలుపులేసుకున్యారు. ఈయన మా ఆవు కోసం పరిగెత్తినాడు. అది మందలో ముందు నడిచే ఆవు. దాన్ని మళ్లిస్తే మిగతావి దాని ఎనకాలే తిరిగినాయి. మీవి అట్ల వచ్చినాయి ఇంటికి."

అంటే యజమాని మీద భక్తి, ప్రాణత్యాగం, ఇవన్నీ ఎప్పుడో మా ఇంట్లో ఎవరో పూసిన పూత. చిన్నాయనకు అట్లాగే అందింది, నాకు అట్లాగే ఇచ్చాడు. నేను నా పిల్లలకు కూడా అట్లాగే చెప్పి ఉన్నాను.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు అవ్వా?"

"ఎవురు అడిగినారు? మీరు పాలిస్తా ఉండారు, నేను పోస్తా ఉండా. ఎవురికి ఎట్ల కావాలంటే అట్ల చెప్పుకోనీలే, ఆయన్ను మనిషిగా తలుచుకుంటా ఉండారు కద అనుకున్యాను. ఇప్పుడు అదీ లేదు" అంది. కర్ర పట్టుకుని లేచింది. "ఆ పేరు చెరిపించుకొస్తే తీసుకుంటాను పాపా. లేకుంటే నువ్వే పెట్టుకో."

తిరుగు ప్రయాణంలో చిత్తూరులో దిగాను. ఇత్తడి పాత్రలకు మాట్లు వేసి మెరుగుపెట్టే ఒక ముసలి సాయబు అంగడి ఉంది అక్కడ. చెంబు తీసుకుని అక్షరాలు చదివాడు.

"ఈ పేరు తీసెయ్యాలా అమ్మా? ఎవరిది?"

"మా నాయనది."

ఆయన లోపలున్న కొడుకుతో ఉర్దూలో ఏదో అన్నాడు. మళ్లీ నా వైపు తిరిగాడు. "పోయినారా?"

"పోయినారు. ఈ పాత్ర మాది కాదు. పొరపాటున వేసినారు."

అంతకంటే ఏమీ అడగలేదు. ఆకురాయి అందుకుని మొదటి అక్షరం మీద పెట్టాడు. నేను అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. పేరు అక్షరం అక్షరంగా అరిగి పసుపుపచ్చటి పొడి కింద పరిచిన గుడ్డ మీద రాలింది. బయటికి పోయి నిలబడాలని అనిపించింది, కానీ కూర్చున్నాను. ఎవరో ఒకరు చూడాలనిపించింది. పని అయ్యాక ఆ చోటు మిగతా చెంబు కంటే లోతుగా, నున్నగా తేలింది. చేత్తో తడిమితే ఇప్పటికీ తెలుస్తుంది.

ఆ వారంలోనే మళ్లీ బస్సెక్కి అవ్వకు ఇచ్చి వచ్చాను. ఆమె తీసుకుంది. నా ఎదురుగానే దాన్ని గూట్లో బోర్లించింది. గుళ్లో ఇప్పుడు పూజారి అభిషేకం చేస్తాడు. పాలు ప్యాకెట్లలో వస్తాయి. ఆవు ఈనిందని వాడకు కబురు పెట్టేవాళ్లు మా ఊళ్లో ఇప్పుడు లేరు. పండగ రోజుల్లో రోడ్డు పొడుగునా కార్లు నిలబడతాయని తమ్ముడు చెప్తుంటాడు. పసులప్ప అన్న మాట పిల్లలకు తెలియదు.

చలికాలంలో చిన్నాయనకు కంట్లో పొర వచ్చింది. ఆపరేషనుకు తిరుపతి ఆసుపత్రికి రావాలి. ఎప్పుడు తిరుపతి వచ్చినా మా ఇంట్లోనే దిగుతాడు. ఈసారి వస్తాడో రాడోనని అనుకున్నాను. చిన్నమ్మతో కలిసి ఎప్పటిలాగే సంచీలో చింతపండూ, అలసందలూ వేసుకుని వచ్చాడు. నేను కాళ్లకు నీళ్లిచ్చాను. సంగటి చేశాను. కంటికి కట్టు కట్టాక మందు చుక్కలు నేనే వేశాను. ఇద్దరం గుడి సంగతి ఎత్తలేదు.

ఒక సాయంత్రం, కట్టు కట్టిన కన్నుతో మంచం మీద కూర్చుని, మా పిల్లలకు మా నాయన కథలు చెప్పడం మొదలుపెట్టాడు. సంతకు పోతే నన్ను భుజం మీద ఎక్కించుకునేవాడని, బొరుగులు నా నోట్లో పెట్టాకే తాను తినేవాడని, పోయేముందు నా పేరే పలవరించాడని. ఇవన్నీ నేను వందలసార్లు విన్న కథలే. మా నాయన గురించి నాకు తెలిసిందంతా చిన్నాయన నోటి నుంచి వచ్చిందే. వేరే దారి నాకు లేదు. అమ్మ ఆ సంగతులు ఎప్పుడూ మాట్లాడేది కాదు, ఇప్పుడు ఆమె కూడా లేదు.

వంటింట్లో నిలబడి వింటున్నాను. 'పలవరించినాడు' అన్నాక చిన్నాయన ఆగాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అప్పుడు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. నిజంగా పలవరించాడా? సంతకు నిజంగా తీసుకుపోయాడా? తండ్రి లేని పిల్లకు ఒక తండ్రిని తయారుచేసి ఇచ్చాడా? అడగవచ్చు. అడిగితే ఏం చెప్తాడో తెలుసు. చెప్పింది నమ్మగలనా అంటే నమ్మలేను. ఆ గుడి కట్టి ఆయన నా నుంచి పసులప్పను మాత్రమే తీసుకున్నాడనుకున్నాను. అంతకంటే ఎక్కువే పోయింది.

వెళ్లేరోజు చిన్నమ్మ ముందుగా కిందికి దిగింది. చిన్నాయన గడప దగ్గర ఆగాడు.

"నువ్వు ఇంగా కోపంగానే ఉండావు నామీద."

"కోపం లేదు చిన్నాయనా."

"మరి ఏమి? మాట్లాడతా ఉండావు, అన్నం పెడతా ఉండావు. కానీ నా పక్కకు సూడవు."

అబద్ధం చెప్పి పంపవచ్చు. ముసలివాడు, కంటికి ఆపరేషను అయినవాడు. కానీ చెప్పాను. "నువ్వు ఏం చెప్పినా నిజమేనా అని ఆలోచన వస్తా ఉండాది. ముందెప్పుడూ రాలేదు. ఇంగ దాన్ని ఆపేదానికి నాకు చేత కాదు."

ఆయన ఏదో అనబోయి నల్లద్దాలు సర్దుకున్నాడు. "మంచికే చేసినాను" అన్నాడు చివరికి. ఎవరి మంచికో చెప్పలేదు.

చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. ఆటోలో కూర్చోబెట్టి, బస్టాండులో పలమనేరు బస్సు నిలిచేచోటే దించమని, గుంతల్లో మెల్లగా పొమ్మని డ్రైవరుకు చెప్పాను. చిన్నమ్మ చెయ్యి ఊపింది. చిన్నాయన ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికి తాళం వేసి, అంగడికి పోయాను.